యాత్రకు ముందు అడగవలసిన ప్రశ్నలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించీ, పెన్షన్ సవరణ గురించీ మాట్లాడుకోవలసిన చోట టూర్ల గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు నేనూ అలాగే అన్నాను. ఆయన ఒకటే మాట చెప్పారు. "గత ఏడాది మన సభ్యుల్లో కనీసం ముప్పైమంది ఏదో ఒక యాత్రకు వెళ్ళివచ్చారు. అందులో సగంమంది తిట్టుకుంటూ వచ్చారు. ఎందుకో కాస్త చెప్పండి" అన్నారు. తిట్టుకుంటూ వచ్చినవాళ్ళలో నేను అందరికంటే ముందువాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను.

"కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే" అని మన పెద్దల సామెత. ఆ రోజుల్లో అది నిజం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైబడిన యాత్ర. ఈనాడు మనం విజయవాడలో రైలెక్కితే రెండు రాత్రుల్లో కాశీ దగ్గర దిగుతున్నాం. విమానమైతే చెప్పనే అక్కరలేదు. దారి దగ్గరయింది గాని, మన మోకాళ్ళు మాత్రం వీరాస్వామయ్యగారి కాలం నాటివే. టూర్ల కంపెనీని ఎంచుకునేటప్పుడు మనం మరిచిపోయేది ఈ సంగతే.

ముందు నా కథ చెబుతాను. తరువాత నేను నేర్చుకున్నది చెబుతాను.

నేను ఖజానా శాఖలో ముప్పై ఏడేళ్ళు పనిచేసి 2008లో రిటైరయ్యాను. ఎంతమంది బిల్లుల మీద అభ్యంతరాలు రాశానో లెక్కలేదు. ఓచరు లేదని, సంతకం లేదని, మంజూరు ఉత్తర్వు జతపరచలేదని వెనక్కి పంపించేవాణ్ణి. ఈ హాల్లోనే నా చేత బిల్లు వెనక్కి పంపించుకున్నవారు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. అలాంటివాణ్ణి, నా సొంత డబ్బు తొమ్మిది వేల చొప్పున ముగ్గురికి కట్టేటప్పుడు ఒక్క కాగితమైనా అడగలేదు.

2017లో సంగతి. మా అక్కయ్యకు అప్పుడు డెబ్భై మూడేళ్ళు. బావగారు పోయి నాలుగేళ్ళయింది. ఆవిడకు మగపిల్లలు లేరు. "ఒరే తమ్ముడూ, నువ్వెలాగూ నాన్నకు గయలో పెట్టాలంటున్నావు గదా. అదే చేత్తో మీ బావకు కూడా ఒక పిండం పెట్టు. నేను పక్కన నిలబడి చూస్తాను, అంతే చాలు" అనేది. అంతకుమించి ఆవిడ నన్ను జీవితంలో ఏమీ అడగలేదు. నన్ను చదివించింది ఆవిడే.

ఒక ఆదివారం పేపరుతోపాటు గులాబీరంగు కరపత్రం ఒకటి వచ్చింది. కాశీ, ప్రయాగ, గయ, ఎనిమిది రోజులు, తలకు 8,900 రూపాయలు, ఆంధ్రా భోజనం, అనుభవజ్ఞుడైన మేనేజరు. వేరే రెండు కంపెనీలు పన్నెండు, పధ్నాలుగు వేలు చెబుతున్నాయి. నేను చవకది చూశాను. మా ఆవిడ, అక్కయ్య, నేను, ముగ్గురికీ డబ్బు కట్టాను. తెల్లకాగితం మీద రాసిన రశీదు ఇచ్చారు.

రైలెక్కాక మొదటి దెబ్బ తగిలింది. ముగ్గురిలో కింది బెర్తు ఒక్కరికీ లేదు. రెండు పైవి, ఒకటి మధ్యది. ఒక కాలేజీ కుర్రవాడు దయతలచి అక్కయ్యకు తన కింది బెర్తు ఇచ్చాడు. టిక్కెట్లు చూస్తే, అప్పట్లో రైల్వే వృద్ధులకు ఇస్తున్న రాయితీ మీద తీసినవి. మా దగ్గర మాత్రం పూర్తి ఛార్జీ లెక్కే వసూలు చేశారు. అది కూడా నేను రైలెక్కిన తరువాతే చూశాను.

కాశీలో బస మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బస్సు ఆగిన చోటు నుంచి ఆ లాడ్జికి సందుల్లో ముప్పావు కిలోమీటరు నడక. పాత కాశీ సందుల్లోకి బస్సు రాదు, రాలేదు. అది కంపెనీ తప్పు కాదు. ఆ మాట ముందుగా చెప్పకపోవడం వాళ్ళ తప్పు. అడగకపోవడం నా తప్పు.

మూడోరోజు తెల్లవారుజామున ప్రయాగకు బయలుదేరాలన్నారు. కాశీ నుంచి ప్రయాగ సుమారు 125 కిలోమీటర్లు. ఏడు గంటలకు ఫలహారం పెట్టి బస్సెక్కిస్తామన్నారు. అక్కయ్యకు చక్కెర జబ్బు. ఆ మాట నమ్మి ఆరున్నరకు ఇన్సులిన్ వేసుకుంది. వంటవాళ్ళు ఆలస్యంగా లేచారట. "ఫలహారం దారిలో పెడతాం, ఎక్కండి ఎక్కండి" అని మేనేజరు తొందరపెట్టాడు. బస్సు ట్రాఫిక్కులో ఇరుక్కుంది. తొమ్మిదిన్నరకు అక్కయ్యకు చెమటలు పట్టాయి, మాట తడబడింది. నన్ను చూసి మా నాన్న పేరు పెట్టి పిలిచింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనక సీట్లో ఒక రిటైర్డు నర్సమ్మగారు ఉండబట్టి సరిపోయింది. ఆవిడ వెంటనే సంగతి గ్రహించి చక్కెర నీళ్ళు తాగించారు. పక్క ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రి దగ్గర మమ్మల్ని దించారు. మేనేజరు, "సార్, బస్సులో నలభై ఎనిమిదిమంది ఉన్నారు, నేను ఆగలేను. అమ్మగారికి నయమయ్యాక మీరు ఆటోలో వచ్చేయండి" అని వెళ్ళిపోయాడు.

ఒక రాత్రి, ఒక పగలు అక్కడే ఉన్నాం. మేము కాశీలో లాడ్జి చేరేసరికి మా బృందం గయకు వెళ్ళి పిండప్రదానాలు ముగించింది. తిరుగు రైలు మర్నాడు. మిగిలిన డబ్బు అడిగితే, "మధ్యలో ఆగినవారికి వాపసు లేదు" అన్న షరతు చూపించారు. కరపత్రం వెనక, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

అక్కయ్య ఒక్కమాట కూడా అనలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "పోనీలే తమ్ముడూ, నా ప్రాప్తం" అంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఇంటికొచ్చాక పాత అలవాటు చొప్పున లెక్క రాశాను. తలకు 8,900 కట్టాం. పడవలు, ఆటోలు, కూలీలు, ప్రత్యేక దర్శనం టిక్కెట్లు, కప్పు కాఫీ, బస్సు డ్రైవరు మామూలు, ఇలా ప్యాకేజీలో లేనివి తలకు 4,150. మొత్తం 13,050. ఆసుపత్రి ఖర్చు ఇందులో కలపలేదు. తరువాత చెప్పబోయే రెండో యాత్రలో ప్యాకేజీ 14,000, పైఖర్చు 600, మొత్తం 14,600. తేడా 1,550 రూపాయలు. ఆ మాత్రం తేడాకు ఆశపడి నేను మా అక్కయ్య గయను పోగొట్టాను.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. కంపెనీవాడి తప్పు ఎంతో, నా తప్పూ అంతే. అక్కయ్య ఇన్సులిన్ మీద ఉందని నేను డబ్బు కట్టేటప్పుడు చెప్పలేదు. చెబితే "పెద్దావిణ్ణి తీసుకెళ్ళం" అంటారేమోనని దాచాను. ఫలహారం రాకుండా ఇన్సులిన్ వేసుకోనివ్వకూడదన్న జ్ఞానం నాకూ ఉండాలి. చేతిసంచిలో గ్లూకోజు పొట్లం, నాలుగు బిస్కెట్లు పెట్టుకోవాలన్న జ్ఞానమూ ఉండాలి.

ఇక నేర్చుకున్నది చెబుతాను. 2019 చివర్లో రెండో యాత్రకు సిద్ధమైనప్పుడు ఒక తెల్లకాగితం మీద ప్రశ్నలు రాసుకుని నాలుగు కంపెనీల ఆఫీసులకు స్వయంగా వెళ్ళాను. ఆ ప్రశ్నలే ఇప్పుడు మీకు వరసగా చెబుతాను.

మొదటి ప్రశ్న: యాత్ర నడిపేది మీరేనా, ఇంకొకరా? కొన్ని కంపెనీలు మన ఊళ్ళో మనుషులను పోగుచేసి, హైదరాబాదులోనో కాశీలోనో ఇంకొకరికి అప్పజెబుతాయి. దారిలో ఏమైనా అయితే ఇతను అతన్ని చూపిస్తాడు, అతను ఇతన్ని చూపిస్తాడు. మన వెంట వచ్చే మేనేజరు కంపెనీ జీతగాడా, ఆ యాత్రకు మాత్రం కుదుర్చుకున్నవాడా అనీ అడగండి. కేంద్ర పర్యాటక శాఖ టూర్ ఆపరేటర్లకు గుర్తింపు ఇస్తుంది. కాని అది ఐచ్ఛికం. గుర్తింపు లేనంత మాత్రాన మోసగాడని కాదు. ఉందని చెప్పినప్పుడు మాత్రం ఆ కాగితం చూపించమనండి, తేదీ చూడండి.

రెండవది: కిందటి రెండు యాత్రల్లో వెళ్ళినవారిలో అరవై అయిదు దాటినవారి ఫోన్ నెంబర్లు నాలుగు ఇవ్వగలరా? ఈ ప్రశ్నకు ఒక కంపెనీవాడు నాకు కాఫీ ఇచ్చాడు గాని, నెంబర్లు ఇవ్వలేదు. ఇచ్చినవాడి దగ్గర తీసుకుని ఫోను చేసినప్పుడు, "బాగుందా?" అని అడక్కండి. అందరూ బాగుందనే అంటారు. "మీ బృందంలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయిందా? అప్పుడు మేనేజరు ఏం చేశాడు?" అని అడగండి. కంపెనీ ఎలాంటిదో ఆ ఒక్క జవాబులో తెలిసిపోతుంది.

మూడవది: రోజుకు బస్సులో ఎన్ని గంటలు? కరపత్రంలో కిలోమీటర్లు రాస్తారు, గంటలు రాయరు. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. కాఫీకి, భోజనానికి ఆగుతూ పోతే ఆరేడు గంటలు తేలికగా పడుతుంది. "ఉదయం కాశీలో బయలుదేరి, గయలో శ్రాద్ధం, బుద్ధగయ దర్శనం, రాత్రికి తిరిగి కాశీ" అని ఒక్కరోజులో రాశాడంటే, అర్ధరాత్రి రెండింటికి లేపుతాడన్నమాట. కొండ దారుల్లో లెక్క ఇంకా వేరు. గంటకు పాతిక కిలోమీటర్లు పోతే గొప్ప. అయిదు రోజులకు ఒక పూటైనా ఖాళీ లేని యాత్ర మన వయసువాళ్ళకు పనికిరాదు.

నాలుగవది: బెర్తులు. ఇది జాగ్రత్తగా వినండి. అరవై ఏళ్ళు నిండిన పురుషులకు, నలభై అయిదు నిండిన స్త్రీలకు రైల్వేలో కింది బెర్తుల కోటా ఉంది. కాని ఒక టిక్కెట్టు మీద ఒక్కరు గాని, ఇద్దరు గాని ఉంటేనే ఆ కోటా. కంపెనీవాడు తన సౌకర్యం కోసం ఒకే టిక్కెట్టు మీద ఆరుగురి పేర్లు రాస్తే ఆ కోటా పోయినట్టే. కాబట్టి, "మా ఇద్దరికీ విడిగా వృద్ధుల కోటాలో టిక్కెట్టు తీయండి" అని ముందే చెప్పండి. రైలు ఛార్జీల్లో ఉన్న వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఎత్తివేశారు. అందుచేత కరపత్రం మీద "సీనియర్ సిటిజన్ రాయితీ" అని కనిపిస్తే, అది కంపెనీ ఎంత ధర మీద ఎంత తగ్గిస్తున్నదో అడగండి. ధర పెంచి తగ్గించే విద్య బట్టల కొట్లవాళ్ళకే కాదు, వీళ్ళకూ వచ్చు.

అయిదవది: బస. "మంచి హోటలు" అనే మాట వద్దు. హోటలు పేరు అడగండి. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, కుర్చీ మరుగుదొడ్డి ఉందా, వేడినీళ్ళు వస్తాయా, బస్సు దిగాక ఎంత నడక, గదికి ఎంతమంది. హోటలువాడికి మనమే ఒక ఫోను చేస్తే పది రూపాయల పని కూడా కాదు. కాశీలో మానససరోవర్ ఘాటు, పాండే హవేలీ ప్రాంతంలో తెలుగువారి సత్రాలు, ఆశ్రమాలు ఉన్నాయి. అక్కడ దిగితే భాష ఇబ్బంది, భోజనం ఇబ్బంది ఉండవు. గదులు మాత్రం ముందే రాసి పెట్టుకోవాలి.

ఆరవది: భోజనం ఎన్ని గంటలకు? ఏమి పెడతారని మనం అడుగుతాం. గోంగూర ఉందా, ఆవకాయ ఉందా అని అడుగుతాం. అడగవలసింది వేళ. వంటవాళ్ళను వెంట తీసుకువెళ్ళే కంపెనీల్లో మన తిండి దొరుకుతుంది, నిజమే. కాని బస్సు దిగాక పొయ్యి వెలిగించి, కూరలు తరిగి, వండి పెట్టేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. చక్కెర జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు ఆ వేళ దాకా ఆగలేరు. మధ్యలో ఫలహారం ఏర్పాటు ఏమిటో అడగండి. ఉన్నా లేకున్నా మీ సంచిలో మీది ఉంచుకోండి.

ఏడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: యాత్రలో ఒకరు జబ్బుపడితే వారి దగ్గర ఎవరు ఉంటారు? బృందానికి మేనేజరు ఒక్కడే అయితే అతను ఉండలేడు. అది అతని చెడ్డతనం కాదు. నలభైమందిని నడిరోడ్డు మీద వదిలి ఒకరి దగ్గర ఎలా ఉంటాడు? అందుకని సహాయకుడు రెండోవాడు ఉన్నాడా అని అడగండి. యాభైమంది బృందం కంటె పాతికమంది బృందం మేలు. ధర కాస్త ఎక్కువవుతుంది. మరుగుదొడ్డి దగ్గర వరస సగమవుతుంది.

ఎనిమిదవది: ఇన్సూరెన్సు ఉందంటే, దేనికి? రైలు టిక్కెట్టుతోపాటు అర్ధరూపాయి కూడా లేని ప్రీమియంతో ఒక ఇన్సూరెన్సు వస్తుంది. అది రైలు ప్రమాదానికి మాత్రమే. దారిలో గుండెపోటు వస్తే వర్తించదు. కంపెనీ చెప్పే ఇన్సూరెన్సులో ముందునుంచీ ఉన్న జబ్బులు మినహాయించారేమో, వయోపరిమితి ఎంతో చదవండి. మన హెల్తు కార్డు ఇతర రాష్ట్రాల్లో ఏ ఆసుపత్రిలో పనిచేస్తుందో, అసలు పనిచేస్తుందో లేదో బయలుదేరక ముందే మన సంఘం ఆఫీసులో కనుక్కోండి.

తొమ్మిదవది: ప్యాకేజీలో లేనివి ఏవి? ఉన్నవాటి జాబితా వాళ్ళే ఇస్తారు. లేనివాటి జాబితా మనం రాయించుకోవాలి. పడవ, ఆటో, డోలీ, కూలీ, ప్రత్యేక దర్శనం, పురోహితుడి సంభావన, పన్ను, ఇవన్నీ కలిపి చూస్తేగాని ఏది చవకో, ఏది ప్రియమో తెలియదు. నా 8,900 ప్యాకేజీ కథ గుర్తుంచుకోండి.

పదవది: డబ్బు. కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే కట్టండి. మేనేజరు సొంత ఫోను నెంబరుకు పంపించకండి. నెంబరు వేసిన, జీఎస్టీ చూపించే రశీదు తీసుకోండి. మొత్తం ఒకేసారి కట్టకండి. మనం మానుకుంటే ఎంత పోతుంది, వాళ్ళు మానుకుంటే ఎంత ఇస్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. కార్యక్రమం ముద్రించిన కాగితం, షరతుల కాగితం దాచండి. వాట్సాపులో పంపించిన సందేశాలు చెరిపేయకండి.

ఇన్ని జాగ్రత్తలూ పడినా మోసం జరిగితే ఏం చేయాలి? 2017లో నేను ఏమీ చేయలేదు. తెల్లకాగితం రశీదు పట్టుకుని ఎక్కడికి వెళ్ళను? ఇప్పుడు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమలులో ఉంది. కంపెనీ ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మనం చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. ముందుగా 1915 నెంబరుకు ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైను వాళ్ళు సలహా చెబుతారు. జీవితమంతా నోట్‌ఫైళ్ళు రాసినవాళ్ళం, ఒక ఫిర్యాదు రాసుకోలేమా?

ఇక, కంపెనీయే అక్కరలేదు, రైల్వేవారి యాత్ర మేలంటారు కొందరు. ఐఆర్‌సీటీసీ వారు భారత్ గౌరవ్ రైళ్ళు నడుపుతున్నారు. 2023 మార్చిలో సికింద్రాబాదు నుంచి పూరీ, కాశీ, అయోధ్యలకు మొదటిది బయలుదేరింది. దారిలో మన స్టేషన్లలో ఎక్కవచ్చు. రైలు మారే బాధ లేదు, డబ్బుకు భయం లేదు. అయితే అందులో స్లీపరు తరగతికీ, ఏసీ తరగతులకూ బసలో, బస్సులో తేడా ఉంటుంది. అది చదివి కట్టండి. వందలమంది ఒకేసారి దిగుతారు కాబట్టి మెల్లగా నడిచేవాళ్ళు వెనకబడతారు. తోడు లేకుండా వెళ్ళకండి.

హిమాలయ యాత్రల గురించి రెండు ముక్కలు. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అంటే పదకొండు వేల ఏడువందల అడుగులు దాటి. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్లకు తగ్గని కొండ దారి. అక్కడ గాలే పలచన. చార్‌ధామ్‌కు ముందుగా పేరు నమోదు తప్పనిసరి. అది ఎవరు చేయిస్తారో అడగండి. కేదారనాథ్ హెలికాప్టర్ టిక్కెట్లు 2023 నుంచి ఐఆర్‌సీటీసీ వారి హెలియాత్ర ద్వారా ఇస్తున్నారు. కాబట్టి "హెలికాప్టర్ మాది గ్యారంటీ" అనేవాడి మాట నమ్మే ముందు ఆలోచించండి. వాతావరణం బాగోలేకపోతే ఎవరి గ్యారంటీ పనిచేయదు. అమర్‌నాథ్‌కు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. 2023 నుంచి డెబ్భై దాటినవారి పేరు నమోదు చేయడం లేదు. కైలాస మానససరోవరానికి ప్రభుత్వం నడిపే యాత్రలోనూ డెబ్భయ్యే పరిమితి. ఈ నిబంధనలు మనల్ని అవమానించడానికి పెట్టినవి కావు. అడ్డదారిన పంపిస్తామనే కంపెనీ ఉంటే, ఆ కంపెనీకి మీ ప్రాణం మీద కంటె మీ డబ్బు మీద ప్రేమ ఎక్కువని అర్థం.

కంపెనీవాణ్ణి ఇన్ని అడిగాక, మనం చెప్పవలసినవి కూడా ఉన్నాయి. ఒక కాగితం మీద పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, డాక్టరు ఫోను, పిల్లల ఫోను రాసి ఒక ప్రతి మేనేజరుకు ఇవ్వండి, ఒకటి జేబులో పెట్టుకోండి. మందులు అనుకున్న రోజులకు ఒకటిన్నర రెట్లు తీసుకుని, రెండు సంచుల్లో వేరువేరుగా పెట్టండి. విమానంలో అయితే ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, సామానుతో వేయకూడదు. అక్కడ చలికి గడ్డకట్టవచ్చు.

పిల్లలకు ఒక మనవి. మీరు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి, అమ్మానాన్నల షష్టిపూర్తికని ఫోనులో రెండు నిమిషాల్లో ప్యాకేజీ కొనేస్తారు. ప్రేమతోనే కొంటారు. కాని కొనేముందు ఒక్కసారి, "అమ్మా, నువ్వు ఎన్ని మెట్లు ఎక్కగలవు?" అని అడగండి. ఆ జవాబు కంపెనీకి చెప్పండి.

ఇక రెండో యాత్ర సంగతి చెప్పి ముగిస్తాను.

2020 ఫిబ్రవరిలో వెళ్ళాం. అక్కయ్యకు డెబ్భై ఆరు. మొదట రానంది. "నా కోసం మళ్ళీ డబ్బు తగలెయ్యకు" అంది. మా ఆవిడ, "వదినగారూ, ఆయన రెండేళ్ళుగా నిద్రలో కూడా గయ గయ అంటున్నారు, ఆయన కోసం రండి" అని ఒప్పించింది. మేము ఎంచుకున్న కంపెనీ పేరున్నది కాదు, చిన్నది. బృందం ఇరవై ఆరుగురు, వెంట ఇద్దరు మనుషులు. నా ప్రశ్నల కాగితానికి ఆ యజమాని పది ప్రశ్నల్లో ఎనిమిదింటికే జవాబు చెప్పాడు. మిగతా రెండింటికి, "అది మా చేతిలో లేదు మాస్టారూ, మాట ఇవ్వలేను" అన్నాడు. అన్నిటికీ సరేనన్నవాణ్ణి వదిలేసి, కాదన్నవాడికి డబ్బు కట్టాను. బిల్లులు చూసిన అనుభవం అక్కడ పనికొచ్చింది.

గయలో రెండు రాత్రులు ఆగాం. తొందర లేదు. ఫల్గుణీ తీరం, విష్ణుపాదం, అక్షయవటం, మూడు చోట్లా అక్కయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నాన్నకు పెట్టాను, అమ్మకు పెట్టాను, బావగారి గోత్రనామాలు చెప్పి ఆయనకూ పెట్టాను. ఆ పేరు వినగానే అక్కయ్య లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

గయకు వెళ్ళినవారు ఇష్టమైన ఒక కాయ, ఒక పండు వదిలిపెట్టడం మనవాళ్ళ ఆచారం కదా. చాలామంది కాకరకాయ వదిలేస్తారు, అది వేరే సంగతి. అక్కయ్య వంకాయ వదిలేసింది. గుత్తివంకాయ కూరంటే ఆవిడకు ప్రాణం. "అదేమిటక్కయ్యా, ఇంకేదైనా వదలరాదూ" అన్నాను. "మీ బావకు కూడా అదే ఇష్టంరా. ఆయన తినడు, నేనెందుకు తినడం" అంది.

మేము తిరిగి వచ్చిన నెలకు దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. రైళ్ళు ఆగిపోయాయి. 2021లో అక్కయ్య వెళ్ళిపోయింది. ఆ ఫిబ్రవరిలో "వచ్చే ఏడాది చూద్దాంలే" అనుకుని ఉంటే, నేను ఈనాడు ఈ వేదిక మీద నిలబడి మాట్లాడగలిగేవాణ్ణి కాదు.

కుర్రవాళ్ళకు ఒక యాత్ర చెడితే ఇంకొకటి ఉంటుంది. మనకు ఉంటుందన్న భరోసా లేదు. అందుకని వాయిదా వేయకండి, తొందరపడకండి. చవకదని కట్టకండి, ఖరీదైనదని నమ్మకండి. అడగండి.

చివరిగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. మన గ్రంథాలయంలో ఒక దళసరి నోటు పుస్తకం పెట్టమని కోరుతున్నాను. యాత్రకు వెళ్ళివచ్చిన ప్రతి సభ్యుడూ తేదీ, ఊరు, ఎంత కట్టారు, పైన ఎంతయింది, బస ఎలా ఉంది, జబ్బుపడితే ఏం చేశారు, ఒక పేజీ రాసి సంతకం పెట్టాలి. మొదటి రెండు పేజీలు నేను రాసి ఇస్తాను. ఓచర్లు కూడా జతపరుస్తాను. ఈసారి ఎవరూ అభ్యంతరం రాయనక్కరలేదు.